దుబల్గుండి ఇంట్లో పలికిన సర్వర్

ఆ వార్త మొదట నా చెవిన వేసింది మా ఆటో అన్న. బీదర్ నుంచి కొల్హార్ వర్క్‌షాపులకు షిఫ్టు వాళ్లను తీసుకుపోయే ఆటో ఆయనది. ఆ పొద్దున నేను ఇంకా పూజ గూటి ముందు నుంచి లేవనే లేదు, ఆయన వాకిట్లో నిలబడి కేకేశాడు.

"అక్కా, మీ డ్రాయింగ్ పిల్ల స్కూటీ మీదికెల్లి పడ్డదట. తుంటి బొక్క చీలిందంటున్నరు. దుబల్గుండికి, అత్తగారింటికి తీస్కపోయిండ్రు."

"పానానికేం కాలేదు గదా అన్నా?"

"పానానికేం లేదు. గని మంచం దిగొద్దన్నరట. శానా దినాలు పండుకొనే ఉండాల్నట."

వెనక్కి తిరిగి, ఆరిపోకుండా వెలుగుతున్న దీపానికి దండం పెట్టుకున్నాను. ప్రాణం మిగిలింది, అది చాలు అనుకున్నాను. కానీ చాలదని ఆటో ఎక్కి కూర్చున్నాక తెలిసింది.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను కనుక మా వర్క్‌షాపు సంగతి కొంచెం చెప్పాలి. పప్పు మిల్లులకు కావలసిన ఇనుప సామాను చేస్తాం. ముఖ్యంగా జల్లెడలు. మా వైపు కంది, శనగ, మినుము ఎక్కువ. ఏ ఏడు గింజ ఎలా పండితే జల్లెడ రంధ్రం అలా ఉండాలి. ఆ రంధ్రాలను కంప్యూటర్లో గీసేది ఆ అమ్మాయి. గీసిన బొమ్మ సర్వర్ మీద, అందరం తెరిచే ఒక ఫోల్డర్లో పడుతుంది. కటింగ్ మిషన్ నడిపే మామ అదే ఫోల్డర్ తెరిచి, ఆ గీతల వెంట రేకును కోస్తాడు. సర్వర్, వైర్లు, పాస్‌వర్డ్లు చూసుకునేది నేను. బడికి పోయి చదివినదాన్ని కాదు. అక్షరాలు మా నాయన ఇంట్లోనే దిద్దించాడు. కంప్యూటర్ మా మరిది పారేయబోయిన పాత మిషన్ మీద, పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్నది. అలాంటి నన్ను నమ్మి తాళాలు చేతిలో పెట్టినందుకు మా మాలిక్‌కు, అదే యజమానికి, ఈనాటికీ కృతజ్ఞురాలినే. అందరూ నన్ను కంప్యూటరమ్మ అనేవాళ్లు.

ఆ రోజు మాలిక్ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ నిలబడ్డాడు. కందుల సీజను. ఆ ఏడు వానలు తక్కువై గింజ సన్నగా వచ్చింది. పాత జల్లెడల్లోంచి మంచి గింజ కూడా తాలుతో పాటు కిందికి జారిపోతోందని మిల్లుల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు.

"మాలిక్, ఆమె చేతులకేం కాలే, కండ్లకేం కాలే. ఇంటికాడికెల్లే గీస్తది," అన్నాను.

"పండుకొని గీస్తదా? ఇది ముగ్గా అమ్మా?"

"ముగ్గు గూడ పండుకొని గీయరు మాలిక్. ఈమె గీస్తది, చూడుండ్రి."

ఆయన నవ్వాడు కానీ మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "సోమారం పొద్దుగూకే దాంక చూస్త. దుబల్గుండి నుంచి మన ఫోల్డర్ తెరుచుకున్నదా, కుర్చీ ఆమెదే. లేదంటే చిట్గుప్ప నుంచి ఒకాయన వస్తుండు, మంచి పనోడు. ఆయన్నే కూసోబెడ్త. ఆమె లేచినంక మళ్ల చూద్దామని మాత్రం నన్ను అడగకు. ఒక్క కుర్చీకి ఇద్దర్ని పెట్టలేను."

అన్యాయమేమీ లేదు. ఆయనకూ వర్క్‌షాపు నడవాలి.

నేను ఒక ల్యాప్‌టాప్ సిద్ధం చేశాను. వీపీఎన్ పెట్టాను. దూరాన ఉన్న కంప్యూటర్ మన ఆఫీసు గోడల లోపలే ఉన్నట్టు నడవడానికి వేసే రహస్యపు బాట అది. నా ఫోన్ నెట్ మీద మా ఇంట్లో పెట్టి చూశాను. ఫోల్డర్ టక్కున తెరుచుకుంది. దేవుడికి ఒక కొబ్బరికాయ మొక్కి, ల్యాప్‌టాప్‌ను దుబల్గుండి పంపించాను. దుబల్గుండిలో ఫోన్ నెట్ సరిగా అందదు గానీ, ఆ ఇంట్లో కేబుల్ నెట్ ఉంది కనుక ఇక భయం లేదనుకున్నాను.

మొదటి రోజే అమ్మాయి ఫోను చేసింది. వీపీఎన్ దగ్గర పచ్చ గుర్తు పడుతోంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదు. దారి దొరకలేదని రాసి వస్తోంది. సరే, మొదట్లో ఇలాంటివి మామూలే అని ధైర్యం చెప్పాను. పాస్‌వర్డ్ మార్చాను. ఆమె పేరు తీసేసి మళ్లీ రాశాను. సర్వర్‌ను ఆపి లేపాను. సర్వర్‌ను పేరుతో కాకుండా అంకెలతో పిలిపించాను. ఏది చేసినా అదే జవాబు.

"అక్కా," అంది ఆ అమ్మాయి ఫోన్లో మెల్లగా, "జీతం సంగతి పోనీ. ఊర్ల మా అత్త నన్ను ఇంజనీరు అని పిలుస్తది. వచ్చినోళ్లకందరికి మా ఇంజనీరు పండుకున్నది, సప్పుడు చెయ్యకుండ్రి అంటది. ఈ కుర్చీ పోతే నేను ఉత్త మంచం పట్టిన కోడల్నయిత."

ఆమె భర్త లారీ మీద పోతే ఎప్పుడు వస్తాడో ఎవరికీ తెలియదు. ఆ ఇంటికి నెలనెలా వచ్చే రూపాయి ఆమెదే. అయినా ఆమె అన్నది రూపాయి మాట కాదు. ఆ మాట నా గుండెలో దిగింది.

సోమవారం వచ్చింది. చిట్గుప్ప ఆయన కూడా వచ్చాడు. నడివయసు మనిషి. భుజాన సంచీ, చేతిలో టిఫిన్ డబ్బా. ఆయన పని చేసిన కార్ఖానా మూతపడి చాలా కాలమైందని మాలిక్ చెప్పాడు. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చోమంటే వద్దన్నాడు. "ఇంక నాది కాలే గద," అని నా బల్ల పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి నా తెర వైపు చూడటం, మళ్లీ నేల వైపు చూడటం. మాట లేదు.

నేను ఫోన్ స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. అవతల ఆ అమ్మాయి, ఇవతల నేను. సర్వర్‌ను పలకరించే పద్ధతి ఒకటుంది, పింగ్ అంటాం. గుమ్మంలో నిలబడి ఇంట్లో ఎవరున్నారని కేక వేయడం లాంటిది. లోపల మనిషుంటే పలుకుతాడు. ఆమెతో సర్వర్ అంకెలు కొట్టించి ఆ కేక వేయించాను.

"పలుకుతున్నది అక్కా! గడగడ పలుకుతున్నది!"

బాట బాగుంది, సర్వర్ పలుకుతోంది, మరి ఫోల్డర్ ఎందుకు తెరుచుకోదు? ఇక అనుమానమంతా తాళాల మీదికే పోయింది. మళ్లీ పాస్‌వర్డ్లు, మళ్లీ అనుమతులు. మిషన్ మామ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"కంప్యూటరమ్మా, మీ సర్వర్‌కు మర్యాద జర ఎక్కువున్నట్టున్నది. పిలిస్తే పలుకుతది గని తలుపు తియ్యది. మా వియ్యంకుడు గిట్లనే."

"నీ మిషన్ కాడికి పో మామా, పుణ్యముంటది."

"నా మిషనేం చేస్తది, గీత లేక పండుకున్నది. గా పిల్లే నయం, పండుకొని పని చేస్తనంటున్నది."

ఆయన మాటకు అవతల ఆ అమ్మాయి నవ్వింది. చిట్గుప్ప ఆయన నవ్వలేదు. టిఫిన్ డబ్బా మూత తీయబోయి, మళ్లీ పెట్టేశాడు.

మధ్యాహ్నం దాటింది. ఏదో రోడ్డు పని దగ్గర తవ్వకంలో కేబుల్ తెగిందని, దుబల్గుండి అంతా నెట్ పోయిందని ఆమె ఫోన్లో చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్న కాసింత పొద్దు కూడా పోతోంది కదా అనిపించింది. అంతలో ఆమె గొంతు మారిపోయింది.

"అక్కా... నెట్ లేదు. వీపీఎన్ గూడ పోయింది. గని మన సర్వర్ ఇంక పలుకుతున్నది."

"ఏంది?"

"ఒట్టు అక్కా. మళ్ల పిలిచిన. మళ్ల పలికింది. తీగ తెగినా పలుకుతున్నది! మనల్ని ఇడ్సిపెట్టలే అక్కా అది!"

ఇన్నేళ్లు వైర్లతో బతికినదాన్ని, వైరు లేకుండా మాట పోదని తెలిసినదాన్ని, ఆ క్షణంలో ఏమీ తెలియనిదాన్నయిపోయాను. దుబల్గుండి ఎక్కడ, కొల్హార్ ఎక్కడ. మధ్యలో తెగిపోయిన తీగ. అయినా పిలిస్తే పలికేదెవరు? నాకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు అలా పలికేవాడు. రెండు చేతులూ జోడించి, ఆ తెరకే దండం పెట్టాను. మిషన్ మామ కూడా టోపీ తీసేశాడు.

అప్పుడు చిట్గుప్ప ఆయన నోరు విప్పాడు.

"అమ్మా, ఒక్క మాట. ఆమె ఇంట్ల నెట్ టీవీ ఉన్నదా, అడుగుండ్రి."

అడిగాను. ఉందట. అత్త రోజూ అందులో గుడి హారతి చూస్తుందట.

"దాన్ని బంద్ చేయించుండ్రి. చేసినంక మళ్ల పిలువుమనుండ్రి."

అవతల ఆమె అత్తను కేకేసింది. దూరం నుంచి పెద్దామె గొంతు మాకు వినిపించింది.

"బంద్ చేసుడేందే? హారతి నడుమల నెట్ పోయింది. దేవుని మొకం మీదనే ఆగున్నది. గట్ల ఆగిన దేవుణ్ణి ఆర్పుతరా ఎవరన్న?"

నేను ఫోన్ దగ్గరికి వంగాను. "అమ్మా, నేను కొల్హార్ నుంచి మాట్లాడుతున్న. దండం పెట్టి ఆర్పు తల్లీ. పాపమేమన్న ఉంటే నా మీద ఏస్కుంట. మీ ఇంజనీరు కోసం."

ఆ పెద్దామె ఏదో గొణుక్కుంటూ దండం పెట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది. టక్కుమని శబ్దం.

"పిలువమ్మా," అన్నాను.

"...పలుకుతలేదక్కా."

చిట్గుప్ప ఆయన తల ఊపాడు. "మీ సర్వర్ కాదమ్మా అది. పొద్దుగాల నుంచి పలికింది ఆ టీవీ."

ఆయన విప్పి చెప్పింది నేను నా మాటల్లో చెప్తాను. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కూ కొన్ని అంకెల చిరునామా ఉంటుంది. వీధి అంకె, తర్వాత ఇంటి అంకె అనుకోండి. మా వీధి అంకె తొమ్మిది, సర్వర్ ఇంటి అంకె పది. ఇళ్లలో నెట్ పెట్టినప్పుడు కూడా లోపల ఇలాంటి వీధి ఒకటి ఏర్పడుతుంది. మా వైపు ఊళ్లన్నిటికీ నెట్ తీగలు వేసింది ఒక్క కేబులన్న. మా వర్క్‌షాపుకు వేసింది కూడా ఆయనే. ఆయనకు వాళ్ల గురువు తొమ్మిది కలిసొస్తుందని చెప్పారట. చిరునామాలో ముందుండే 192, 168 అంకెలన్నీ కూడితే ఇరవై ఏడు, ఆ రెండూ ఏడూ కూడితే తొమ్మిది వస్తుంది, వీధి అంకె కూడా తొమ్మిది పెడితే మొత్తం మళ్లీ తొమ్మిదే. అందుకని ఆయన ఏ ఊళ్లో ఏ ఇంటికి పోయినా, కొబ్బరికాయ కొట్టినంత భక్తిగా, తొమ్మిదే పెట్టేవాడు.

కాబట్టి దుబల్గుండి ఇంట్లోనూ తొమ్మిదో వీధే. అందులో పదో అంకె ఆ టీవీకి పడింది. తొమ్మిదో వీధిలో పదిని పిలువు అంటే ల్యాప్‌టాప్ ఇంట్లోనే చూసింది, ఇంట్లోనే ఒకటి దొరికింది. ఇక గడప దాటలేదు. వీపీఎన్ బాట పచ్చగా తెరుచుకునే ఉంది, ఆ బాట మీద మాత్రం ఎవరూ అడుగు పెట్టలేదు. పాపం ఆ టీవీ పిలిచినప్పుడల్లా పలికింది. దాని దగ్గర జల్లెడల ఫోల్డర్ ఉంటే కదా ఇవ్వడానికి.

ఆ సంగతి తెలిశాక కూడా నాకు ఆశ్చర్యం తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఇన్ని ఊళ్లలో, ఇన్ని ఇళ్లలో, గోడల లోపల కనపడకుండా ఒకే పేరున్న వీధులు. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. ఎవరింట్లో వాళ్లకు అదే లోకం.

కేబులన్నకు ఫోను చేశాము. తెగిన తీగ దగ్గరే ఉన్నాడు. అతుకు వేసి, సాయంత్రం ఎండ పసుపు పచ్చగా మారే వేళకు ఆ ఇంటికి వచ్చాడు. అంకె మార్చమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"తొమ్మిది తీసుడా? గురువు మాట అమ్మా అది. నేను తీయ. మీరు కావల్నంటే మీ ఆఫీసుల మార్చుకోండ్రి."

ఆఫీసులో మార్చాలంటే మిషన్లన్నీ ఆపాలి, ఒక్కొక్కదాని దగ్గరికీ పోవాలి. పొద్దు లేదు. నాకు దైవభక్తి ఉన్నవాళ్లతో వాదించడం రాదు, నేనూ ఆ గూటి పక్షినే కనుక. అంతలో మంచం మీది నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"అన్నా, పద్దెనిమిది పెట్టు."

"పద్దెనిమిదా?"

"ఒకటి, ఎనిమిది. కూడు."

అవతల ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకోవడం వినపడింది.

"తొమ్మిదే!" అన్నాడు కేబులన్న. "ఏ! తొమ్మిదే గదా!"

"మొత్తం కూడినా తొమ్మిదే వస్తది అన్నా. పక్కింటికి ఇరవై ఏడు పెట్టు, ఎనక ఇంటికి ముప్పై ఆరు. ఎవరి తొమ్మిది వాళ్లకుంటది. ఒకలది ఒకలకు తగలది."

"అమ్మా," అన్నాడు ఆయన, "ఇన్ని తొమ్మిదులున్నయని మా గురువు గూడ చెప్పలే."

అంకె మారింది. టీవీ వెలిగించడానికి అత్తకు అనుమతి దొరికింది. ల్యాప్‌టాప్ మళ్లీ కలిపారు, వీపీఎన్ మళ్లీ పచ్చబడింది. నేను ఫోన్ వైపే చూస్తున్నాను.

"అక్కా," అంది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. కంది జల్లెడ, పెద్దది. కంది జల్లెడ, నడిమిది. శనగ జల్లెడ. మినుము. ఫోల్డర్లో ఉన్నవన్నీ, తప్పిపోయిన పిల్లలు ఒక్కొక్కరే ఇంట్లోకి వస్తుంటే పేరు పెట్టి పిలిచినట్టు చదివింది. మాలిక్ తన గదిలోంచి బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె కంది జల్లెడ తెరిచి, రంధ్రం సన్నం చేసింది. సేవ్ చేసింది. మిషన్ మామ తెర మీద అది కనపడింది. ఆయన రేకు వేసి మీట నొక్కాడు. నిప్పురవ్వలు లేచాయి.

పిల్లలూ, మీకు ఇది రోజూ చూసే సంగతి. ఎక్కడో కూర్చుని ఏదో నొక్కుతారు, ఇంకెక్కడో ఏదో జరుగుతుంది. నేను మాత్రం ఆ రోజు ఆ రవ్వల ముందు నిలబడిపోయాను. అక్కడ తలగడ మీద వాలిన ఒక అమ్మాయి వేలు కదిలింది, ఇక్కడ ఇనుము తెగుతోంది. ఆ వేలుకూ ఈ నిప్పుకూ మధ్య పొలాలున్నాయి, ఊళ్లున్నాయి, అప్పుడే అతుకు పడిన ఒక సన్నని తీగ ఉంది. ఆ తీగలో ఆమె గీత కాంతిగా మారి వచ్చింది. ఇంత అద్భుతాన్ని మనుషుల చేతికి ఇచ్చి, దాన్ని పప్పు జల్లెడలకు వాడుకోనిచ్చిన వాడి దయ ఎంతదో నాకు ఈనాటికీ అంతుపట్టదు.

మామ చల్లారిన రేకును తెచ్చి, గుప్పెడు కందులు పోసి జల్లించాడు. తాలు కింద పడింది, గింజ పైన నిలిచింది.

"కుర్చీ ఆమెదే," అన్నాడు మాలిక్. లోపలికి వెళ్లిపోయాడు.

చిట్గుప్ప ఆయన ఆ జల్లెడను అందుకుని, వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. "మంచిగ గీసింది," అన్నాడు. సంచీ భుజాన వేసుకున్నాడు. నేను గేటు దాకా వెంట నడిచాను.

"మీకెట్ల తెలిసింది అన్నా?"

"చిట్గుప్పల మా ఇంటికి, మా కార్ఖానాకు గూడ గా కేబులన్ననే నెట్ పెట్టిండు. పాత కార్ఖానా మూయకముందు నేను గూడ ఇంటికాడికెల్లి పని చేసి ఇట్లనే పరేషానైన. పొద్దుగాల మీ తెర మీద తొమ్మిది చూసిన. అప్పుడే సమజైంది."

"పొద్దుగాలనే?"

ఆయన నేల చూశాడు. "పొద్దుగాలనే అమ్మా. సప్పుడు చెయ్యకుండ కూసున్న. చెప్తే నా కుర్చీ పోతది. ఇంట్ల అందరు ఎదురు చూస్తున్నరు. పొద్దు గూకితే సాలు, నేనేం పాపం చేసినట్టు గాదు, ఉత్తగ కూసున్నట్టే, అనుకున్న."

"మరెందుకు చెప్పిన్రు?"

"ఆ పిల్ల, తీగ తెగినా పలుకుతున్నది అని ఎంత సంబురపడ్డదో ఇన్నరు గద. మీరు దండం పెట్టిన్రు. ఆ దండం టీవీకి పోతున్నదని ఆడ నా ఒక్కనికే ఎరుక. అది చూసుకుంట కూసునుడు నాతోని కాలే."

నేను తినని నా డబ్బా ఆయన చేతిలో పెట్టాను. తనది తనకుందన్నాడు. అప్పటి దాకా ఆయనా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మాలిక్ ఆయన ఫోన్ నంబర్ తీసుకుని ఉంచాడు. కానీ నేను ఉద్యోగం మానేసే రోజు వరకు ఆ కుర్చీ ఖాళీ కాలేదు. ఆ అమ్మాయి మంచం మీది నుంచే ఆ సీజను గడిపింది, తర్వాత కర్ర పట్టుకుని వచ్చింది, ఆ తర్వాత కర్ర లేకుండా వచ్చింది. ఆమెకు ఆయన సంగతి మొత్తం నేనే చెప్పాను. చిట్గుప్ప వైపు పోయే ఎవరిని చూసినా ఆయన గురించి అడిగింది. ఎక్కడో దూరం పనికి పోయాడని మాత్రం తెలిసింది.

ఆ సోమవారం నేను పెట్టిన దండం తప్పు చిరునామాకు పోయిందని మా మిషన్ మామ చాలా రోజులు ఎగతాళి చేశాడు. నాకు అలా అనిపించదు. నోరు మూసుకుంటే చాలు కుర్చీ దొరికే మనిషి నోట మాట పలికించింది ఆ దండమే. అది చేరవలసిన చోటికే చేరింది.

ఈ రాతలో ఎవరి పేరూ రాయలేదు, ఆయనదీ రాయలేదు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఏ రోజైనా మీకు తెలిసిన మాట మీ నోటి దాకా వచ్చి, అది అంటే మీకు నష్టమని ఆగిపోతే, చిట్గుప్ప నుంచి వచ్చి, పొద్దంతా స్టూల్ మీద కూర్చుని, చివరికి ఆ మాట అనేసి వెళ్లిపోయిన ఆ మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.